గుత్తి గడ్డ మీద భూగోళాన్ని కొలిచిన లాంబ్టన్

జనవరి 20 వర్ధంతి సందర్భంగా ప్రత్యేక కథనం

గుత్తి: గుత్తి పట్టణం ఎక్కడుందని అడిగితే అనంతపురం జిల్లాలో అని ఎవరైనా చెబుతారు. ఆ జవాబు మనకు సరిపోతుంది గాని పటం గీసేవానికి సరిపోదు. భూమధ్యరేఖకు ఉత్తరంగా 15 డిగ్రీల 7 నిమిషాలు, గ్రీనిచ్‌కు తూర్పుగా 77 డిగ్రీల 38 నిమిషాలు అన్నప్పుడే గుత్తికి భూగోళం మీద స్థిరమైన చిరునామా ఏర్పడుతుంది. ప్రభుత్వాలు మారినా, జిల్లాల సరిహద్దులు చెరిగినా ఈ చిరునామా మారదు. నేడు చేతిలోని ఫోను క్షణాల్లో చూపే ఈ అంకెల కోసం రెండు శతాబ్దాల క్రితం ఒక సైనికాధికారి ఇరవై యేళ్లకు పైగా ఎండలో, వానలో, అడవుల్లో, కొండల మీద శ్రమించాడు. ఆయన పేరు విలియం లాంబ్టన్. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకు ఆద్యుడాయన. 1811లో గుత్తి సమీపంలోని మైదానంలో ఆయన బృందం పరచిన గొలుసు ఆ మహాకార్యంలో ఒక ముఖ్య ఘట్టం.

పేదింటి బిడ్డ

లాంబ్టన్ ఇంగ్లండులోని ఉత్తర యార్క్‌షైర్ ప్రాంతంలో, నార్తలర్టన్ సమీపాన ఒక సామాన్య కుటుంబంలో 1753 ప్రాంతంలో జన్మించాడు. గణితంలో చూపిన ప్రతిభ ఆయనను పైకి తెచ్చింది. 1781లో సైన్యంలో చేరి అమెరికా వెళ్లాడు. అదే సంవత్సరం యార్క్‌టౌన్ వద్ద బ్రిటిష్ సేనలు లొంగిపోయినప్పుడు బందీ అయ్యాడు. విడుదలైన తరువాత కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతంలో భూముల కొలతల్లోనూ, సైనిక వసతుల పర్యవేక్షణలోనూ పదమూడేళ్లు గడిపాడు. అక్కడే ఒక సూర్యగ్రహణాన్ని రక్షణ లేకుండా చూడటంవల్ల ఒక కంటి చూపు దెబ్బతిన్నదని చెబుతారు. జీవితమంతా దూరదర్శినిలో కన్ను పెట్టి గడపవలసిన మనిషికి మిగిలింది ఒక్క కన్నే.

ఆ ఏకాంత వాసంలో లాంబ్టన్ చేతికి దొరికిన గణిత, ఖగోళ గ్రంథాలన్నీ చదివాడు. పదోన్నతులు లేవు, పరిచయాలు లేవు. నలభై యేళ్లు దాటిన తరువాత 1796లో తన 33వ పటాలానికి తిరిగి చేరి భారతదేశం వచ్చాడు. ఆ పటాలానికి నాయకుడు ఆర్థర్ వెల్లెస్లీ. తరువాతి కాలంలో నెపోలియన్‌ను ఓడించి వెల్లింగ్టన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కింది ఆయనే.

నక్షత్రాలు చూపిన దారి

1799లో టిప్పు సుల్తాన్‌పై జరిగిన నాలుగవ మైసూరు యుద్ధంలో లాంబ్టన్ పాల్గొన్నాడు. శ్రీరంగపట్టణం వైపు సాగిన ఒక రాత్రి ప్రయాణంలో జనరల్ బేర్డ్ నాయకత్వంలోని దళం చీకటిలో దారి తప్పింది. ఆకాశాన్ని గమనిస్తున్న లాంబ్టన్, దళం ఉత్తరానికి గాక దక్షిణానికి, అంటే నేరుగా శత్రు శిబిరం వైపు నడుస్తున్నదని హెచ్చరించాడు. నక్షత్రాలను అడిగి దారి తెలుసుకోవలసిన అవసరం తనకు లేదన్నట్లు జనరల్ తొలుత కొట్టిపారేశాడు. దిక్సూచి తీసి చూస్తే లాంబ్టన్ మాటే నిజమని తేలింది. ఆకాశాన్ని చూసి నేల మీది చోటును చెప్పగల మనిషిగా ఆయన పేరు ఆ యుద్ధంతోనే పైవారికి తెలిసింది.

యుద్ధానంతరం మైసూరు రాజ్యాన్ని పటంలోకి ఎక్కించవలసి వచ్చింది. అప్పటికి వాడుకలో ఉన్న పటాలు చాలావరకు దారి కొలతల ఆధారంగా గీసినవి. చక్రం దొర్లించి దూరం లెక్కించడం, దిక్సూచితో దిశ చూడటం వాటి పద్ధతి. ఊరినుంచి ఊరికి పోయేకొద్దీ చిన్న చిన్న తప్పులు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. లాంబ్టన్ ఇందుకు భిన్నమైన ప్రతిపాదన చేశాడు. దక్షిణ భారతాన్ని తూర్పు తీరం నుంచి పడమటి తీరం వరకు త్రిభుజాల వలతో కప్పి, ముఖ్య స్థలాల స్థానాన్ని గణితశాస్త్ర నియమాల ప్రకారం నిర్ణయించాలన్నది ఆయన ఆలోచన. అదే కొలతలతో భూమి అసలు ఆకారాన్ని కూడా తేల్చవచ్చునని వాదించాడు. వెల్లెస్లీ అండతో 1800లో మద్రాసు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

అందరూ హర్షించలేదు. ఇంత ఖర్చు ఎందుకన్న ప్రశ్న మద్రాసు ఆర్థిక వర్గాల్లో తలెత్తింది. శ్రీరంగపట్టణం వెళ్లదలచినవాడు పల్లకీ బోయీలకు ఊరి పేరు చెబితే చాలునని, దానికి త్రిభుజాలెందుకని ఒక సభ్యుడు ఎగతాళి చేశాడని ప్రతీతి. లాంబ్టన్ వాదనతో గాక కొలతలతోనే జవాబిచ్చాడు. మద్రాసు నుంచి మంగళూరు వరకు త్రిభుజాలు పూర్తయ్యేసరికి, పాత పటాల్లో 400 మైళ్లుగా చూపిన ద్వీపకల్పం వెడల్పు 360 మైళ్లేనని తేలింది. ఏకంగా నలభై మైళ్ల భూమి కేవలం కాగితం మీద మాత్రమే ఉందన్నమాట. ఆ తరువాత విమర్శలు సన్నగిల్లాయి.

చైనా చక్రవర్తి వద్దన్న గొలుసు

సర్వేకు కావలసిన పరికరాలు దేశంలో దొరకడం కష్టం. లాంబ్టన్‌కు దొరికిన నూరడుగుల ఉక్కు గొలుసుకు విచిత్రమైన చరిత్ర ఉంది. లండన్‌కు చెందిన ప్రసిద్ధ నిపుణుడు జెస్సీ రామ్స్‌డెన్ తయారుచేసిన ఆ గొలుసును మెకార్ట్‌నీ రాయబార బృందం చైనా చక్రవర్తికి కానుకగా తీసుకువెళ్లింది. అక్కడ దానికి ఆదరణ లభించలేదు. తిరుగు ప్రయాణంలో అది కలకత్తా చేరి, చివరికి లాంబ్టన్ చేతికి వచ్చింది.

కోణాలు కొలిచే పెద్ద థియోడొలైట్‌ను విలియం కేరీ లండన్‌లో తయారుచేశాడు. దాని వలయం వ్యాసం మూడడుగులు, బరువు అర టన్ను. దాన్ని తెస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకుని మారిషస్‌కు తరలించారు. అది శాస్త్ర పరికరమని గ్రహించి, శత్రువులే అయినా, మర్యాదగా మద్రాసుకు పంపించారు.

1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద తొలి ఆధారరేఖ కొలత మొదలైంది. ఏడున్నర మైళ్ల పొడవైన ఆ గీతను కొలవడానికి 57 రోజులు పట్టింది. నూరడుగుల గొలుసును 400 సార్లు ఒకదాని వెంట ఒకటిగా పరిచారు. గొలుసు నేలకు తగలకుండా చెక్క పెట్టెల్లో ఉంచి, ఎండ పడకుండా నీడ కల్పించి, ఉష్ణమాపకాలతో వేడిని నమోదు చేశారు. ఇంత జాగ్రత్తకు కారణం లేకపోలేదు. వేడికి ఉక్కు సాగుతుంది. పది డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే నూరడుగుల గొలుసు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ తేడాను పట్టించుకోకుండా 400 సార్లు పరిస్తే మొత్తం మీద సుమారు మీటరున్నర తప్పు వస్తుంది. మొదటి గీతలోనే తప్పు దొర్లితే దానిపై కట్టిన త్రిభుజాలన్నీ తప్పుతాయి.

అక్షాంశం ఒక ఎత్తు, రేఖాంశం మరొక ఎత్తు

ఈ సర్వే పద్ధతి సూత్రం మన ఉన్నత పాఠశాల గణితంలోనిదే. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు చివరల కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలనూ లెక్కకట్టవచ్చు. ఆధారరేఖ ఒక్కటే గొలుసుతో కొలుస్తారు. దాని రెండు కొసల నుంచి దూరాన ఉన్న కొండ శిఖరాన్నో, గుడి గోపురాన్నో చూసి కోణాలు తీసుకుంటారు. అలా వచ్చిన కొత్త భుజమే తరువాతి త్రిభుజానికి ఆధారం. కొండనుంచి కొండకు ఈ గొలుసుకట్టు వందల మైళ్లు సాగిపోతుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట మళ్లీ గొలుసు పరచి, లెక్కలో వచ్చిన పొడవూ నేల మీది పొడవూ కలుస్తున్నాయో లేదో సరిచూస్తారు. మద్రాసు నుంచి లెక్కకట్టుకుంటూ వెళ్లి 1804లో బెంగళూరు ఆధారరేఖతో సరిచూసినప్పుడు సుమారు ఏడు మైళ్ల పొడవులో తేడా నాలుగు అంగుళాలకు లోపే తేలింది.

త్రిభుజాలవల్ల ఒక స్థలానికీ మరొక స్థలానికీ మధ్య దూరం, దిశ తెలుస్తాయి. భూగోళం మీద వాటి చోటు తెలియాలంటే ఆకాశాన్ని ఆశ్రయించక తప్పదు. అక్షాంశం కోసం లాంబ్టన్ జెనిత్ సెక్టార్ అనే పరికరంతో నడినెత్తికి దగ్గరగా వచ్చే నక్షత్రాలను రాత్రుల తరబడి పరిశీలించాడు. నక్షత్రం నడినెత్తికి ఎంత ఉత్తరంగా లేదా దక్షిణంగా దాటుతున్నదో తెలిస్తే, మనం భూమధ్యరేఖకు ఎంత దూరాన ఉన్నామో లెక్కకు వస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. ఒక నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు. ఒక సెకను అంటే సుమారు 31 మీటర్లు. కోణంలో సెకను తప్పితే ఊరు ముప్పై మీటర్లు పక్కకు జరుగుతుంది.

రేఖాంశం నిర్ణయించడం అంతకన్నా కష్టం. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కనుక రెండు ఊళ్ల స్థానిక కాలాల్లోని తేడాయే వాటి రేఖాంశాల తేడా. నాలుగు నిమిషాల కాలానికి ఒక డిగ్రీ. అయితే మద్రాసులో ఉన్నవానికి ఆ క్షణాన గ్రీనిచ్‌లో ఎంత సమయమైనదో తెలిసేదెలా? గురుగ్రహపు ఉపగ్రహాలు నీడలోకి పోయి రావడాన్ని రెండు చోట్లా చూసి సమయాలను పోల్చడమే నాటి మార్గాల్లో ముఖ్యమైనది. 1792లో నిర్మించిన మద్రాసు వేధశాల రేఖాంశాన్ని ఇటువంటి పరిశీలనలతోనే నిర్ణయించారు. లాంబ్టన్ సర్వే ఆ వేధశాలనే మూలంగా తీసుకున్నది. ఆ వేధశాల రాతి స్తంభంపై ఇతర భాషలతోపాటు తెలుగులోనూ శాసనం ఉండటం మన భాషకు గర్వకారణం.

ఆ మూలంలోనే ఒక లోపం దాగి ఉంది. పటాలపై చాలాకాలం వాడిన మద్రాసు రేఖాంశం అసలు విలువకన్నా దాదాపు రెండున్నర నిమిషాలు ఎక్కువ. నేల మీద అది సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. తంతి సౌకర్యం వచ్చి గడియారాలను క్షణాల్లో పోల్చగలిగిన తరువాతగాని ఆ తేడా కచ్చితంగా తేలలేదు. పాత సర్వే పటాల్లోని రేఖాంశాలకు ఈ సవరణ చేసుకోవాలని అంచున ముద్రించేవారు. త్రిభుజాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఊళ్ల మధ్య దూరాలు సరిగానే ఉన్నాయి కనుక మొత్తం వలను ఒక్కసారిగా పడమటికి జరిపితే సరిపోయింది. లాంబ్టన్ పనితనానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

తంజావూరు గోపురంపై ప్రమాదం

తూర్పు పడమరల కొలత సాగుతుండగానే లాంబ్టన్ 78 డిగ్రీల రేఖాంశానికి దగ్గరగా దక్షిణోత్తరంగా మరొక మహా గొలుసుకట్టును చేపట్టాడు. దాన్నే మహా చాపం అంటారు. కన్యాకుమారి దిశగా సాగిన ఆ కొలతలో 1808లో తంజావూరు చేరాడు. చుట్టూ సమతలం కావడంతో బృహదీశ్వరాలయ గోపురంపైకి థియోడొలైట్‌ను ఎక్కించవలసి వచ్చింది. పైకి లాగుతుండగా తాడు తెగి అర టన్ను పరికరం గోడకు కొట్టుకున్నది. కోణాలు చూపే వలయం వంకరపోయింది.

మరొకరైతే సర్వేను ఆపి లండన్‌కు కబురు పంపేవారు. లాంబ్టన్ పరికరంతోపాటు గుడారంలో చేరి, ఇతరులను దూరంగా ఉంచి, వారాల తరబడి వలయాన్ని కొద్దికొద్దిగా లాగి, తట్టి సరిచేశాడు. ఆరు వారాల్లో పరికరం తిరిగి పనిలోకి వచ్చింది. మరుసటి సంవత్సరం చాపం దక్షిణ కొస చేరింది.

దత్త మండలాల్లో

దక్షిణం పూర్తికాగానే లాంబ్టన్ ఉత్తరానికి తిరిగాడు. 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన దత్త మండలాలే నేటి రాయలసీమలో అధికభాగం. విశాలమైన మైదానాలు, మధ్యమధ్య ఒంటరిగా లేచిన రాతి కొండలు ఉన్న ఈ నేల త్రిభుజాల పనికి అనువైనది. 1811లో గుత్తి సమీపంలో ఆధారరేఖను కొలిచి, అప్పటివరకు వచ్చిన లెక్కలను సరిచూశారు. అక్కడినుంచి తుంగభద్ర, కృష్ణా నదులు దాటి నిజాం రాజ్యంలో ప్రవేశించారు. 1815లో బీదరు సమీపంలోని దామర్‌గిద్ద వద్ద మరొక ఆధారరేఖ పూర్తయింది. దీనితో కన్యాకుమారి దాపు నుంచి దామర్‌గిద్ద వరకు సుమారు పది డిగ్రీల పొడవైన చాపం సిద్ధమైంది. ఆ ఫలితాలు 1818లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. అంతకు ముందే, 1817లో, ఆ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది.

ఈ పనిలోనే ఆయనకు మరొక సత్యం తోచింది. కొన్నిచోట్ల నక్షత్రాల వల్ల వచ్చిన అక్షాంశమూ, త్రిభుజాల వల్ల వచ్చిన అక్షాంశమూ కలవలేదు. భూగర్భంలో బరువైన ఖనిజ శిలలు ఉన్నచోట గుండు వేలాడే దారం కొద్దిగా పక్కకు లాగబడుతుందని ఆయన అనుమానించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు విస్తారంగా పరిశోధించిన విషయానికి ఇది తొలి సూచనల్లో ఒకటి.

లాంబ్టన్ పేరు చరిత్రలో మిగిలింది. ఆయన వెంట నడిచినవారి పేర్లలో అధికభాగం మిగలలేదు. అర టన్ను పరికరాన్ని కొండలపైకి మోసినవారు, శిఖరాలపై జెండాలు పట్టుకుని రోజుల తరబడి నిలిచినవారు, దారి చూపినవారు, గొలుసు లాగిన ఖలాసీలు ఈ దేశవాసులే. కొండపై దూరదర్శిని పెట్టి ఊరి ఇళ్లలోకి చూస్తున్నారన్న అనుమానాలకు, కోపతాపాలకు మొదట ఎదురునిలవవలసింది వారే. ఈ కొలతలు కంపెనీ సైన్యానికీ, శిస్తు వసూలుకూ ఉపకరించాయన్నదీ నిజమే. భూమిని కొలిచినవారి శాస్త్రదృష్టి ఒకటి, కొలిపించినవారి ప్రయోజనం మరొకటి.

హైదరాబాద్ మకాం, ఎల్లాపురం జ్వరాలు

1818 జనవరి 1 నుంచి సర్వే గవర్నర్ జనరల్ ఆధీనంలోకి వచ్చింది. మహా త్రికోణమితి సర్వే అన్న పేరు అప్పుడే స్థిరపడింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న లాంబ్టన్‌కు సహాయకునిగా జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారి నియమితుడయ్యాడు. కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతాన్ని త్రిభుజాలతో కప్పే పనిని లాంబ్టన్ ఆయనకు అప్పగించాడు. వానలు కురిసిన తరువాత గాలి నిర్మలమై దూరపు శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. సర్వేకు అనువైన ఆ కాలమే అడవుల్లో జ్వరాలకూ అనువైన కాలం. 1819లో ఎల్లాపురం అడవుల్లో ఎవరెస్ట్‌తోపాటు బృందంలో అధికులు విషజ్వరాల పాలయ్యారు. హైదరాబాద్ నుంచి ఏనుగులు, బండ్లు పంపి వారిని తరలించవలసి వచ్చింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి దక్షిణాఫ్రికా వెళ్లవలసి వచ్చింది. ఒక ప్రాంతపు స్థానాన్ని పటంపై నిలపడానికి మనుషులు చెల్లించిన మూల్యం ఇది.

హింగన్‌ఘాట్‌లో చివరి మజిలీ

డెబ్బై యేళ్లకు చేరువైన లాంబ్టన్ ఆరోగ్యం అప్పటికే క్షీణించింది. దగ్గు, క్షయ పీడిస్తున్నాయి. అయినా పరికరం ముందుకు వచ్చేసరికి ఆయనలో పూర్వపు ఉత్సాహం తిరిగి కనిపించేదని వెంట ఉన్నవారు గుర్తించారు. మితభాషి, సౌమ్యుడు. కింది ఉద్యోగులు ఆయనను వదలి వెళ్లేవారు కారు. జాషువా డి పెన్నింగ్ వంటి సహాయకులు ఏళ్ల తరబడి ఆయనతో శ్రమను పంచుకున్నారు. సర్వే ఉత్తరానికి సాగుతున్నందున కేంద్రాన్ని నాగపూర్‌కు మార్చాలని హైదరాబాద్ నుంచి బయలుదేరాడు. గమ్యం చేరకముందే 1823 జనవరి 20న నేటి మహారాష్ట్రలోని వార్ధా జిల్లా హింగన్‌ఘాట్ వద్ద కన్నుమూశాడు. అక్కడే ఆయనను సమాధి చేశారు.

అప్పటికి ఆయన త్రిభుజాలు సుమారు 1,65,000 చదరపు మైళ్లను కప్పాయి. తరువాత పగ్గాలు చేపట్టిన ఎవరెస్ట్, మహా చాపాన్ని 1841 నాటికి హిమాలయాల అంచు వరకు తీసుకువెళ్లాడు. ఆ వల ఆధారంగానే పదిహేనవ శిఖరం ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని 1852లో రాధానాథ్ సిక్దార్ లెక్కలు తేల్చాయి. 1865లో దానికి ఎవరెస్ట్ పేరు స్థిరపడింది. వలకు తొలి ముడి వేసిన లాంబ్టన్ పేరు ఏ శిఖరానికీ దక్కలేదు.

నేటి తరానికి

నేడు ఉపగ్రహాలు పంపే సంకేతాల కాలాన్ని బట్టి ఫోను మన చోటును లెక్కకడుతుంది. ఇందులోనూ సూత్రం పాతదే. తెలిసిన స్థానాల నుంచి తెలియని స్థానానికి లెక్క కట్టడం, కాలాన్ని కచ్చితంగా కొలవడం. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవర్లు కూడా ముందే స్థానం నిర్ణయించిన కేంద్రాల ఆధారంగానే పొలం హద్దులను సెంటీమీటర్ల స్థాయిలో చూపగలిగాయి. తెలిసిన స్థానం తప్పయితే ఏ యంత్రమూ సరైన జవాబు చెప్పలేదు.

రైతులు, విద్యార్థులు ఒక విషయం గమనించాలి. పాత సర్వే పటంలోని అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోనులో వేసి చూస్తే మన ప్రాంతంలో చోటు వంద మీటర్లకు మించి పక్కకు కనిపించవచ్చు. పాత పటాలు లాంబ్టన్, ఎవరెస్ట్‌ల కొలతల నుంచి నిర్ణయించిన భూమి ఆకారంపై ఆధారపడ్డాయి. ఉపగ్రహ పద్ధతి వేరొక ఆకారాన్ని వాడుతుంది. అందుచేత ఈ తేడా పటంలోని తప్పు కాదు, ఫోనులోని తప్పూ కాదు. ఒక పద్ధతిలోని అంకెలను మరొక పద్ధతికి మార్చుకున్న తరువాతే పోల్చాలి. పొలం హద్దుల తగాదాల్లో ఈ సంగతి తెలియక తొందరపడితే నష్టపోయేది రైతే.

కొండ శిఖరాలపై, కోట బురుజులపై పాత సర్వే గుర్తులు చెక్కిన రాళ్లు కనిపిస్తే వాటిని కదిలించరాదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే రాళ్లను తొలగించడం, ధ్వంసం చేయడం శిక్షార్హం. గుప్తనిధుల ఆశతో జరిగే తవ్వకాల్లో ఇటువంటి రాళ్లు పెకలించబడితే పోయేది నిధి కన్నా విలువైనది. గుత్తి ప్రాంత పాఠశాలల్లో, కళాశాలల్లో 1811 నాటి ఆధారరేఖ గురించి బోధిస్తే, కోట చూడవచ్చే విద్యార్థులకు ఈ చరిత్రను తెలిపే ఒక ఫలకమైనా ఏర్పాటు చేస్తే లాంబ్టన్‌తోపాటు ఆయన వెంట గొలుసు లాగిన అజ్ఞాత శ్రామికులకూ అది తగిన నివాళి కాగలదు.